ఓటీపీ కువైట్‌కు పోయింది



మూడేళ్ళ కిందటి మాట. జుహర్ నమాజ్ చదివి బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే మా చెల్లెలి పెద్ద కూతురి నుంచి ఏడు మిస్డ్ కాల్స్. ఇంట్లో ఎవరికైనా తబియత్ బాగాలేదేమోనని కంగారుపడి వెంటనే చేశాను. అవతల భాంజీ గొంతు వణుకుతోంది. "మామూ, ఓటీపీ అబ్బాకు పోయింది" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత విడమరిచి చెప్పింది. ఇంటర్ పాసయింది, ఎంట్రన్స్‌లో ర్యాంకు వచ్చింది, ఇప్పుడు కౌన్సిలింగ్ వెబ్‌సైట్‌లో ఏ కాలేజీ కావాలో వరసగా ఆప్షన్లు పెట్టుకోవాలి. లాగిన్ కావాలంటే ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. దరఖాస్తు పెట్టినప్పుడు ఇంటి పెద్ద కదా అని వాళ్ళబ్బా నంబరు ఇచ్చారు. అప్పుడాయన సెలవు మీద ఊళ్ళోనే ఉన్నాడు. సెలవైపోయి కువైట్‌కు వెళ్తూ సిమ్ కూడా జేబులోనే వేసుకుపోయాడు. అక్కడ ఆయన డ్రైవరు. మనకు పొద్దున పది గంటలైతే అక్కడ ఏడున్నర, అప్పటికే బండి మీద ఉంటాడు, ఇండియా సిమ్ ఉన్న ఫోన్ రూములో ఉంటుంది. దానికి రీచార్జి చేసి ఎన్ని నెలలైందో ఆయనకే తెలీదు.

కడప జిల్లాలో మా వైపు ఇది ఒక్క ఇంటి కథ కాదు. కువైట్‌కో, సౌదీకో పోయిన మనిషి లేని గల్లీ ఉండదు. ఇంటి రిజ్క్ అక్కణ్ణుంచి వస్తుంది. ఆధార్‌కూ, బ్యాంకుకూ, రేషన్ కార్డుకూ కట్టిన ఫోన్ నంబరు మాత్రం ఇక్కణ్ణుంచి అక్కడికి పోతుంది.

నేనప్పుడు కడపలో పనిచేస్తూ ఆదివారాలు మాత్రమే ఊరికి వచ్చేవాణ్ణి. "నెట్ సెంటర్‌కు వెళ్ళండి బేటీ, వాళ్ళు చూసుకుంటారు" అని చెప్పి నా పనిలో పడిపోయాను. ఆ మాట అన్నందుకు ఈరోజుకీ బాధపడుతున్నాను.

చెల్లెలు బుర్ఖా వేసుకుని కూతుర్ని వెంటబెట్టుకుని బస్టాండ్ దగ్గరి నెట్ సెంటర్‌కు పోయింది. లోపల పది మంది మగపిల్లలు, జిరాక్స్ మిషన్ చప్పుడు, నిలబడే జాగా లేదు. మెట్ల మీదే గంటన్నర. ఎలాగో రాత్రి ఓటీపీ సంపాదించారు. మర్నాడు మళ్ళీ పోతే ఆ అబ్బాయి "మీకెందుకక్కా, నాకు తెలుసు" అని పాస్‌వర్డ్ తీసుకుని, తన దగ్గరున్న కాలేజీల జాబితా చూసి పది నిమిషాల్లో ఆప్షన్లన్నీ తనే పెట్టేశాడు. పిల్ల స్క్రీన్ వైపు తొంగిచూస్తే "అయిపోయిందమ్మా" అన్నాడట. నూటయాభై రూపాయలు తీసుకున్నాడు. ఆధార్ జిరాక్సు ఒకటి అతని బల్ల మీదే ఉండిపోయింది.

సీటొచ్చింది. నెల్లూరు అవతల, ఎవరూ పేరు వినని ఒక కాలేజీలో. కడపలో ఆ ర్యాంకుకు వచ్చే కాలేజీలు రెండున్నాయి, అవి జాబితాలో ఎక్కడో కింద పడ్డాయి. బావ ఫోన్లో "కడప అయితే సరే, అంత దూరం నక్కో" అన్నాడు. రెండో విడతలో మార్చుకోవచ్చని మాకు తెలిసేసరికి ఆ గడువూ దాటింది. కంప్యూటర్ సైన్స్ చదవాలనుకున్న పిల్ల ఊళ్ళో డిగ్రీ కాలేజీలో చేరింది. డిగ్రీ తక్కువదని నేననను. తను కోరుకున్నది అది కాదు, అంతే.

ఆ నెట్ సెంటర్ అబ్బాయిని తిట్టుకుని కూర్చోవచ్చు. కొన్నాళ్ళు అదే చేశాను. తర్వాత నా మనసులో తిరిగిన సవాల్ వేరు. బస్టాండ్ నుంచి రెండు వీధులు అవతల మా ఊరి శాఖా గ్రంథాలయం ఉంది. ఆ రోజు మా చెల్లెలికి గానీ, నాకు గానీ అటు వెళ్దామన్న ఖయాల్ ఎందుకు రాలేదు?

ఎందుకంటే లైబ్రరీ అంటే మా ఇంట్లో అబ్బా.

మా అబ్బా దర్జీ. ఉర్దూ బడిలో ఐదో తరగతి దాకా చదివాడు. తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. దుకాణానికి వచ్చే వాళ్ళు కొలతల చీటీ తెలుగులో రాసిస్తే పక్క కొట్టతన్ని పిలిచి చదివించుకోవాల్సి వచ్చేదట. అది నామోషీ అనిపించి లైబ్రరీకి పోవటం మొదలుపెట్టాడు. పొద్దున ఎనిమిదికి తెరిస్తే పదకొండుకు మూస్తారు, మళ్ళీ సాయంత్రం తెరుస్తారు. పొద్దున మొదటి గంట అబ్బాది. పేపర్లో పెద్ద అక్షరాలు కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, రెండేళ్ళలో సంపాదకీయాలు చదివే దాకా వచ్చాడు. అప్పట్లో హైదరాబాదు నుంచి 'సియాసత్' కూడా వచ్చేది, ఒకరోజు ఆలస్యంగా. తర్వాత ఎప్పుడో ఆగిపోయింది. మా లైబ్రరీకి శుక్రవారం సెలవు. "చూడు, లైబ్రరీ కూడా జుమా చదువుకుంటుంది" అని నవ్వేవాడు.

వహీలో మొట్టమొదట దిగిన మాట 'ఇక్రా' అని మనందరికీ తెలుసు. జల్సాల్లో వింటాం, గోడల మీద రాసుకుంటాం. బద్ర్ జంగ్‌లో పట్టుబడిన ఖైదీల్లో ఫిద్యా కట్టుకోలేని వాళ్ళు పది మంది పిల్లలకు చదువు చెప్తే విడుదల అని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లం షరతు పెట్టిన సంగతి కూడా వింటాం. దుష్మన్ దగ్గరున్నా ఇల్మ్ తీసుకోవచ్చని ఆ కిస్సా చెబుతుంది. మా అబ్బా ఈ దలీలులేవీ చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి వెళ్ళి కూర్చునేవాడు.

అలాంటి చోట్లు మన నేల మీద సర్కారు కట్టించినవి మాత్రమే కావు. హైదరాబాదులో ఆసఫియా లైబ్రరీ 1891లో నిజాం జమానాలో మొదలైంది. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవ అది. ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీ అంటున్నాం. ఇక్కడ ఆంధ్రాలో 1914లో బెజవాడలో గ్రంథాలయాల వాళ్ళందరూ మహాసభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారు దాని వెనక తిరిగిన మనిషి. వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ఊరి వాళ్ళు పెట్టుకున్నదే. 1935లో పాతూరి నాగభూషణం గారి వంటివాళ్ళు కొల్లిపర, పెదవడ్లపూడి మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. పడవ ఆగిన రేవులో జనం పుస్తకం తీసుకునేవాళ్ళు. మా కడపలోనే బ్రౌన్ దొర బంగళా ఉన్న జాగాలో ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి లేపిన పని అది.

ఆ రోజుల్లో ఒక ఇల్లు ఒక పేపరు కొనలేకపోయేది. పది ఇళ్ళు కలిసి కొని, ఒక గది తీసుకుని, ఒక బల్ల వేశారు. ఒక్కరి వల్ల కానిది పదిమంది కలిస్తే అవుతుందనే హిసాబు.

ఇప్పుడు మన ఇళ్ళలో ఏది లేదు? ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. నేనూ పడ్డాను. "నెట్ అందరి దగ్గరా ఉంది కదా భాయ్, లైబ్రరీలో నెట్ ఎందుకు?" అంటారు. నిజమే, 2016 తర్వాత డేటా చవకైంది. సిగ్నల్ పంచటానికి దారులూ తెరుచుకున్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర క్యాబినెట్ ఒప్పుకున్న పీఎం-వాణి పద్ధతిలో కిరాణా కొట్టువాడైనా, చాయ్ అంగడివాడైనా లైసెన్సు లేకుండా, రిజిస్ట్రేషన్ ఫీజు లేకుండా వైఫై పంచవచ్చు.

మా చెల్లెలి ఇంట్లో ఆ రోజు సిగ్నల్ నిండుగానే ఉంది. లేనివి వేరే. ఇంటికి ఒకటే ఫోన్, అది పిల్లవాడి చేతిలో. కౌన్సిలింగ్ పేజీ ఆ చిన్న స్క్రీన్ మీద సగమే కనిపిస్తుంది. ఫొటో ఇన్ని కేబీలకు మించకూడదంటారు, తగ్గించటం ఎవరికీ రాదు. సర్టిఫికెట్ పీడీఎఫ్‌లో పెట్టమంటారు. చివర్లో ప్రింటు తీసుకొమ్మంటారు. వీటన్నిటికీ మించి, "ఇక్కడ నొక్కితే ఏమవుతుంది సార్?" అని భయం లేకుండా అడగదగ్గ ఒక అమానత్‌దారు మనిషి లేడు. పాస్‌వర్డ్ చూసినా పక్కకు తిరిగే మనిషి, కాలేజీల నుంచి ఏమీ ఆశించని మనిషి.

నెట్ సెంటర్లకు చట్టం లేకపోలేదు. 2011లో వచ్చిన సైబర్ కేఫ్ నిబంధనల ప్రకారం వచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు చూడాలి, ఎవరు ఎప్పుడు వాడారో లెక్క ఏడాది పాటు దాచాలి. వాడేవాడు నేరం చేస్తాడేమోనని పెట్టిన కాయిదా అది. నాకు అర్థమైనంతలో, బల్ల మీద వదిలేసిన మా భాంజీ ఆధార్ జిరాక్సు గురించి గానీ, ఆమె పెట్టని ఆప్షన్ల గురించి గానీ అది పట్టించుకోదు.

అబ్బా ఇంతిఖాల్ అయ్యాక నేను ఆ లైబ్రరీ గడప తొక్కలేదు. మొన్న ఏడాది చిన్న భాంజీ ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చినప్పుడు ఒక ఆదివారం పొద్దున వెళ్ళాను.

హాలు నిండుగా ఉంది. పేపర్లు చదివే ముసలివాళ్ళు నలుగురైతే, గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, కానిస్టేబుల్ పోస్టులకీ చదువుకునే పిల్లలు ముప్ఫై మంది. మెట్ల మీద కూడా కూర్చున్నారు. వాళ్ళలో అమ్మాయిలు సగం. నఖాబ్‌లో ఇద్దరు కూడా ఉన్నారు. అది చూసి నాకు మనసులో ఎక్కడో చల్లబడింది. లైబ్రరీకి పోతానంటే మా ఇళ్ళల్లో ఎవరూ కాదనరు. నెట్ సెంటర్‌కు పోతానంటే అన్నో, చాచానో వెంట రావాలి.

మూలలో ఒక బల్ల మీద గుడ్డ కప్పిన పెట్టె ఉంది. గుడ్డ తీస్తే కంప్యూటరు. ఎప్పుడో ఏదో పథకంలో వచ్చిందట. యూపీఎస్ బ్యాటరీ పోయింది, నెట్ కనెక్షన్ బిల్లు కట్టేవాళ్ళు లేక ఆగిపోయింది. "ఎవరైనా మరీ అవసరమంటే నా ఫోన్ హాట్‌స్పాట్ ఇస్తాను సార్" అన్నాడు లైబ్రేరియన్. ఆయనకు పక్క ఊరి లైబ్రరీ ఇన్‌చార్జి కూడా ఉంది, వారంలో మూడు రోజులు అక్కడ.

నేను ఫలానా వాళ్ళబ్బాయినని చెప్పాను. ఆయన ఒక్క నిమిషం ఆగి, "టైలర్ భాయ్ కొడుకా!" అని లోపలికి వెళ్ళి పాత సందర్శకుల రిజిస్టర్ ఒకటి తెచ్చాడు. దుమ్ము దులిపి తెరిచాడు. ప్రతి పేజీలో మొదటి వరసో, రెండో వరసో అబ్బా దస్తఖత్. తెలుగు సంతకాల మధ్య కుడి నుంచి ఎడమకు, ఉర్దూలో. తెలుగు చదవటం ఆ గదిలోనే నేర్చుకున్న మనిషి, సంతకం మాత్రం ఆఖరుదాకా తన జుబాన్‌లోనే పెట్టాడు. అక్కడ ఎవరూ ఆయన్ని ఇదేంటని అడగలేదు. నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

ఆ రాత్రి ఇషా తర్వాత మసీదులో నలుగురితో మాట్లాడాను. బ్యాటరీ కొనిద్దాం, నెలకు ఐదారు వందల నెట్ బిల్లు మనం చూసుకుందాం, ఒక ప్రింటర్ పెడదాం అన్నాను. సదఖా-ఎ-జారియా అవుతుందని కూడా అన్నాను. ఇద్దరు వెంటనే సరేనన్నారు. ఒక బుజుర్గ్ అడ్డం చెప్పారు. "అంత డబ్బు పెట్టేదేదో మన మదర్సాలోనే పెట్టొచ్చు కదా? ఆ సర్కారు గదికి మన పైసలెందుకు?" ఇంకొకాయన, "నెట్ వల్ల పిల్లలు ఖరాబ్ అవుతారు" అన్నారు.

రెండో మాటకు జవాబు సులువు. నెట్ పిల్లల చేతిలో ఎలాగూ ఉంది, దుప్పటి కింద ఉంది. నలుగురు తిరిగే హాల్లో, స్క్రీన్ అందరికీ కనపడే చోట ఉంటే మంచిదా కాదా?

మొదటి మాటకు నేను కాస్త ఆలోచించాను. మదర్సాలో పెడితే మన పిల్లలే వస్తారు, అందులోనూ మగపిల్లలే ఎక్కువ. లైబ్రరీ అందరిదీ. మా దూదేకుల పిల్ల, పక్క వీధి మాల పిల్ల, కోమటి ఇంటి పిల్ల ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఒకరి ఫారం చూసి ఒకరు నేర్చుకుంటారు. మా అబ్బాకు మొదటి అక్షరాలు దిద్దించింది కూడా ఆ బల్ల దగ్గర కూర్చునే ఒక రిటైర్డ్ పంతులు గారే.

ఇంకొకటి కూడా చెప్పాను. అది ఇక్కడ మీకూ చెప్పాలి. ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ పన్ను అని ఒక పద్దు ఉంటుంది. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు లైబ్రరీ కోసం మన దగ్గర వసూలు చేస్తారు. పన్ను 1,500 రూపాయలైతే 120 రూపాయలు. పంచాయతీ గానీ, మునిసిపాలిటీ గానీ దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి. చాలా చోట్ల ఈ బకాయిలు పేరుకుపోతుంటాయని పేపర్లో చదువుతూనే ఉంటాం. అంటే మా అబ్బా మిషన్ తొక్కి సంపాదించిన దాంట్లోంచి ఏటా ఆ గదికి డబ్బు కట్టాడు. అది మన హక్. చందా వేసుకోవటం ఒక పని, హక్ అడగటం ఇంకో పని. రెండూ చేయాలి. మన చందాతో నడిచిపోతోంది కదా అని సర్కారు చేతులు దులుపుకుంటే, మనం చేసింది ఖైర్ అవుతుందో కాదో నాకు అనుమానమే.

పక్కనున్న కర్ణాటకలో 2019లో గ్రామ పంచాయతీ లైబ్రరీలను పంచాయతీరాజ్ శాఖ కిందికి తెచ్చారు. ఇప్పుడు వాటిని అరివు కేంద్రాలంటున్నారు, కంప్యూటర్లు పెడుతున్నారు. అరివు అంటే తెలివిడి, మన 'ఎరుక'కు దగ్గరి మాట. అక్కడ అయినప్పుడు ఇక్కడ కాకూడదని ఏమీ లేదు.

అర్జీలు, సంతకాలు, పై ఆఫీసు నుంచి అనుమతి, ఇదంతా అయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. బ్యాటరీ మేం కొన్నాం. ప్రింటర్ ఒక డాక్టరు గారు ఇచ్చారు. నెట్ బిల్లు ప్రస్తుతానికి పదిమందిమి పంచుకుంటున్నాం. బకాయిల గురించి రాసిన అర్జీకి మాత్రం ఇంకా జవాబు లేదు.

చిన్న భాంజీ విషయంలో మొదట చేసిన పని ఫోన్ నంబరు. దరఖాస్తు దగ్గర్నుంచే వాళ్ళమ్మ నంబరు ఇప్పించాం, ఆధార్‌కు కూడా అదే కట్టించాం. ఆప్షన్ల రోజులు వచ్చాక పిల్ల పొద్దున ఎనిమిదికి లైబ్రరీ తెరవగానే వెళ్ళి కూర్చుంది. ముందే కాగితం మీద వరస రాసుకుంది. ఏ కాలేజీ ఎంత దూరం, బస్సు ఉందా, పోయినేడు ఏ ర్యాంకు దాకా సీటు వచ్చింది, అన్నీ తనే చూసుకుంది. నేను పక్కన కూర్చున్నాను, కీబోర్డు ముట్టుకోలేదు. రెండు గంటలు పట్టింది. ప్రింటు తీసుకుని వరస మళ్ళీ సరిచూసుకుంది. అల్హమ్దులిల్లాహ్, కడపలో సీటొచ్చింది. రోజూ బస్సులో పోయి వస్తోంది.

ఆ సంతోషంలో పెద్ద భాంజీతో, "ఆదివారాలు నువ్వు కూడా వచ్చి ఫారాలు నింపే పిల్లలకు కాస్త సాయం చెయ్యి బేటీ" అన్నాను.

ఆమె నా వైపు చూసి, "మామూ, నా టైములో మీరంతా ఎక్కడున్నారు?" అంది.

గొంతులో కోపం కూడా లేదు. నా దగ్గర జవాబూ లేదు. "తప్పు నాదే బేటీ" అన్నాను. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. మూడు ఆదివారాలు రాలేదు. నేనూ మళ్ళీ అడగలేదు, అడిగే ముఖం లేదు.

నాలుగో ఆదివారం నేను వెళ్ళేసరికి కంప్యూటర్ దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎదురుగా ఒక ముసలమ్మ పింఛను కాగితాలతో. నన్ను చూసి సలాం చేసి మళ్ళీ పనిలో పడింది. గోడకు కొత్తగా ఒక తెల్ల కాగితం అంటించి ఉంది. పెద్ద అక్షరాలతో, పైన తెలుగులో, కింద ఉర్దూలో రాసింది:

"మీ ఫారం మీరే నింపుకోండి. రాకపోతే అడగండి, పక్కన కూర్చుని చెప్తాం. పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకండి. మాకు కూడా."

రిజిస్టర్‌లో నా పేరు రాయబోతూ పై వరస చూశాను. ఆమె సంతకం ఉంది, ఉర్దూలో.

దువాలో యాద్ పెట్టుకోండి. ఇంటి పన్ను రసీదు చూడటం మరిచిపోకండి.